పోలీసులు కేసు కట్టకపోతే విశాఖలో మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లడం ఎలా?

స్టేషన్ చుట్టూ ఎంత తిరిగినా కేసు కట్టడం లేదు, ఇప్పుడేం చేయాలి? గాజువాక, మధురవాడ, పెందుర్తి, ఎటు నుంచైనా పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నది ఇదే. కొందరు కలెక్టరేట్‌లో అర్జీ పెడుతున్నారు. కొందరు నాయకుల ఇళ్ల ముందు నిలబడుతున్నారు. ఎక్కువమంది విసిగిపోయి వదిలేస్తున్నారు. వదిలేయకండి. పోలీసులు కాదన్న ఫిర్యాదును విని, దర్యాప్తు చేయమని వాళ్లనే ఆదేశించే అధికారం మీ ఏరియా జుడీషియల్ మేజిస్ట్రేట్‌కు ఉంది. కాకపోతే అక్కడికి వెళ్లేముందు కాగితాలు ఒక వరుసలో తయారు కావాలి. ఆ వరుస తప్పితే నిజమైన ఫిర్యాదు కూడా వెనక్కి వస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం కాగితాల గురించే చెబుతున్నాను.

ముందుగా: ఏ మేజిస్ట్రేట్?

కలెక్టర్, ఆర్డీఓ, తహసీల్దార్లు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లు. గొడవలు జరగకుండా చూడటం, బైండోవర్ చేయడం (గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడం), గుంపులు కూడకుండా ఆంక్షలు పెట్టడం లాంటివి వాళ్ల పని. విశాఖ నగరం పోలీస్ కమిషనరేట్ కాబట్టి ఇక్కడ ఆ అధికారాల్లో కొన్ని పోలీస్ కమిషనర్ దగ్గరే ఉంటాయి. ఎఫ్‌ఐఆర్ కట్టించే ఆర్డర్ కోసం వీళ్ల దగ్గరికి వెళ్లి లాభం లేదు.

మీకు కావలసింది జుడీషియల్ మేజిస్ట్రేట్, అంటే కోర్టులో కూర్చునే జడ్జి. రిమాండ్, బెయిల్, సాక్షుల వాంగ్మూలం, విచారణ, శిక్ష అన్నీ ఈ కోర్టులోనే. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ 3 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా వేయగలరు. చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ 7 ఏళ్ల వరకు వేయగలరు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చింది; ఇకపై కొత్త చట్టం అంటాను)లో మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ అనే పదవి లేదు. నగరంలో పాత కేసుల కాగితాల మీద ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ, తీసుకున్నట్టు రసీదు లేదా ముద్ర
- పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపిన ఫిర్యాదు కాపీ, పోస్టల్ రసీదు, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ ప్రింటు
- ఆధార్ లాంటి గుర్తింపు కార్డు
- ఆధారాలు: బ్యాంకు స్టేట్‌మెంట్, చీటీలు, ఒప్పందాలు, ఫొటోలు, గాయాలుంటే ఆసుపత్రి కాగితాలు
- వాట్సాప్, కాల్ రికార్డింగ్, సీసీ కెమెరా దృశ్యాలు ఉంటే అవి ఉన్న అసలు ఫోన్ లేదా పరికరం
- సాక్షుల పేర్లు, చిరునామాలు
- తేదీల వారీగా ఏం జరిగిందో రాసుకున్న ఒక పేజీ

చివరిది చిన్నదిగా కనిపిస్తుంది. కానీ లాయర్‌కైనా, జడ్జికైనా మీ కథ అర్థమయ్యేది ఆ పేజీతోనే. శ్రద్ధగా రాయండి.

1. అది నేరమా, ఏ రకం నేరం?

చేబదులు ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదు, స్థలం సరిహద్దు దగ్గర తేడా వచ్చింది, అద్దె బాకీ ఉంది. ఇలాంటివి సాధారణంగా సివిల్ వ్యవహారాలు. మేజిస్ట్రేట్ కోర్టు వసూళ్ల ఆఫీసు కాదు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే అది చీటింగ్ అవుతుంది. ఉదాహరణకు, పోర్టులో ఉద్యోగం ఇప్పిస్తానని 3 లక్షలు తీసుకుని నకిలీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ చేతిలో పెట్టారనుకోండి. అది బాకీ కాదు, నేరం. ఈ ఉదాహరణనే చివరిదాకా వాడతాను.

తర్వాత, ఆ నేరం కాగ్నిజబులా నాన్ కాగ్నిజబులా చూసుకోండి. కాగ్నిజబుల్ అయితే పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే కేసు కట్టి దర్యాప్తు చేయాలి. మోసంతో డబ్బు లేదా ఆస్తి తీసుకునే చీటింగ్, నమ్మకద్రోహం, దొంగతనం ఈ కోవలోకి వస్తాయి. చిన్నపాటి దెబ్బలు, పరువు నష్టం నాన్ కాగ్నిజబుల్. వీటిలో మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు. ఒక్క విషయం గమనించండి: పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపైతే దొంగతనం కూడా నాన్ కాగ్నిజబులే. పాత ఫోన్ పోయిందని వెళ్తే ఎఫ్‌ఐఆర్ కట్టకపోవడానికి ఇదీ ఒక కారణం.

కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు ఫిర్యాదులోనే కనబడితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితకుమారి కేసులో చెప్పింది. కొత్త చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది: 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ చేయవచ్చు. కాబట్టి ‘విచారిస్తున్నాం’ అని స్టేషన్‌లో చెబితే ఏ తేదీ నుంచి, ఎవరి అనుమతితో అని మర్యాదగా అడగండి.

2. స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి

నోటిమాటగా చెప్పి వచ్చేస్తే మీరు వెళ్లినట్టు రుజువు ఉండదు. తెలుగులోనే రాయండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు, మీకు ఎంత నష్టం జరిగింది, ఎవరు చూశారు. అంతే. సెక్షన్లు రాయకపోయినా పరవాలేదు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టమని అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఈమెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే 3 రోజుల్లో స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టాలి. ఇది చాలామంది మర్చిపోతున్నారు.

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఇవన్నీ చదువుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపించడం మొదటి పని.

3. కమిషనర్‌కు పోస్టులో పంపండి

అందరూ తప్పేది ఇక్కడే. స్టేషన్‌లో కాదన్నారని నేరుగా కోర్టుకు వెళ్తే పిటిషన్ నిలవదు. ఫిర్యాదు సారాంశాన్ని రాతపూర్వకంగా, పోస్టు ద్వారా ఎస్పీకి పంపాలని కొత్త చట్టం సెక్షన్ 173(4) చెబుతోంది. విశాఖ నగర పరిధిలో అయితే పోలీస్ కమిషనర్‌కు, అనకాపల్లి, అల్లూరి జిల్లాల్లో అయితే ఆ జిల్లా ఎస్పీకి పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. డెలివరీ అయ్యాక ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసుకోండి. కొన్ని వారాలు ఆగితే ఆ వివరాలు వెబ్‌సైట్‌లో దొరక్కపోవచ్చు.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం కదా అంటారు. ఇవ్వండి, రసీదూ దాచండి. కానీ పోస్టులో పంపడం మాత్రం మానకండి. కోర్టు అడిగేది ఆ రసీదునే.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘అయ్యా, నేను ఫలానా తేదీన ఫలానా పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ జతచేస్తున్నాను. ఉద్యోగం పేరుతో నా దగ్గర 3 లక్షలు తీసుకుని నకిలీ ఆర్డర్ ఇచ్చిన వ్యక్తిపై కేసు నమోదు చేయాలని కోరాను. ఈ రోజు వరకు ఎఫ్‌ఐఆర్ నమోదు కాలేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173(4) ప్రకారం తగిన చర్య తీసుకోవాలని కోరుతున్నాను.’

ఎన్నాళ్లు ఆగాలో చట్టం చెప్పలేదు. నా అభిప్రాయంలో ఉత్తరం అందిన రెండు వారాల తర్వాత కోర్టుకు వెళ్లడం సమంజసం. సాక్ష్యం చెరిగిపోయే ప్రమాదం ఉంటే అంతకన్నా ముందే వెళ్లి, ఎందుకు ఆగలేకపోయారో పిటిషన్‌లో రాయించండి.

4. ఏ కోర్టు పరిధి?

మీ ఇల్లు ఎక్కడన్నది కాదు, నేరం జరిగిన చోటు ఏ స్టేషన్ కింద ఉందో, ఆ స్టేషన్ కేసులు ఏ మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్తాయో చూడాలి. నగరంలో చాలా కోర్టులు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉన్నాయి. గాజువాకలో, భీమునిపట్నంలో వేరే కోర్టులున్నాయి. తేలికగా తెలుసుకోవాలంటే, ఆ స్టేషన్‌లో ఇటీవల కట్టిన ఏదైనా ఎఫ్‌ఐఆర్ పైభాగం చూడండి, లేదా కోర్టు ఫైలింగ్ కౌంటర్‌లో స్టేషన్ పేరు చెప్పి అడగండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి రెవెన్యూ జిల్లా పేరు చూసి కోర్టును ఊహించుకోవద్దు.

ఫోన్‌లో, మెసేజ్‌లలో నమ్మించి మోసం చేస్తే, ఆ మెసేజ్ పంపిన చోటే కాదు, మీకు అందిన చోట కూడా కేసు వేయవచ్చు. ఎదుటి మనిషి హైదరాబాద్‌లో ఉన్నాడు కాబట్టి అక్కడికే వెళ్లాలని ఎవరైనా చెబితే ఈ మాట గుర్తుంచుకోండి.

5. రెండు దారుల్లో ఏది మీది?

మొత్తం వ్యవహారంలో బాగా ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం ఇది. దీని గురించి ఎవరూ ముందే చెప్పరు.

మొదటి దారి సెక్షన్ 175(3). ‘ఎఫ్‌ఐఆర్ కట్టి దర్యాప్తు చేయమని పోలీసులను ఆదేశించండి’ అని అడగడం. మేజిస్ట్రేట్ మీ అఫిడవిట్ (ప్రమాణం చేసి సంతకం పెట్టిన పత్రం) చూసి, అవసరమైతే కొంత విచారించి, పోలీసుల మాట కూడా విని ఆర్డర్ ఇస్తారు.

రెండోది ప్రైవేట్ కంప్లైంట్, సెక్షన్ 223. ఇక్కడ కోర్టే మీ స్వార్న్ స్టేట్‌మెంట్, అంటే ప్రమాణం చేయించి వాంగ్మూలం, తీసుకుంటుంది. సాక్షులను మీరే తెచ్చుకోవాలి, ఆధారాలు మీరే పెట్టాలి. కేసును కాగ్నిజెన్స్‌లోకి, అంటే విచారణకు, తీసుకునే ముందు ఎదుటివారికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కొత్త చట్టం చెబుతోంది. అంటే మీ కేసు సంగతి వాళ్లకు ముందే తెలిసిపోతుంది. కాబట్టి ఆధారాలన్నీ భద్రపరచుకున్నాకే ఇది వేయండి.

ఎలా ఎంచుకోవాలి? ముద్దాయి ఎవరో తెలియదు, డబ్బు ఏ ఖాతాలకు వెళ్లిందో తెలియదు, సోదా చేయాలి, వస్తువు స్వాధీనం చేసుకోవాలి, ఫోరెన్సిక్ పరీక్ష కావాలి. ఇలాంటప్పుడు 175(3) అడగండి. ఇవన్నీ మీ చేతులతో చేయలేరు. మనిషి ఎవరో తెలుసు, కాగితాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి, సాక్షులు వస్తారు అంటే ప్రైవేట్ కంప్లైంట్ సరిపోతుంది. మన ఉద్యోగం కేసులో నకిలీ ఆర్డర్ ఎవరు తయారుచేశారు, ఇంకెంతమంది మోసపోయారు అన్నది తేలాలంటే పోలీసు దర్యాప్తే కావాలి. మొదటి దారే మంచిది.

175(3) అడిగినా, కోర్టుకు సబబనిపిస్తే దాన్ని ప్రైవేట్ కంప్లైంట్‌గా తీసుకుని మీ స్టేట్‌మెంట్‌కు వాయిదా వేయవచ్చు. అది ఓటమి కాదు. ఆ వాయిదాకు సిద్ధమై వెళ్లండి.

ఎదుటివారు ప్రభుత్వ ఉద్యోగి అయి, విధి నిర్వహణలో జరిగిన విషయమైతే పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వివరణ కూడా కోర్టు చూస్తుంది. ఆలస్యం అవుతుందని ముందే అనుకోండి. చెక్ బౌన్స్ దారి పూర్తిగా వేరు. బ్యాంకు నుంచి చెక్ తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు, అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ తర్వాత ఒక నెలలోపు కంప్లైంట్. దాన్ని దీనితో కలపొద్దు.

6. పిటిషన్, అఫిడవిట్

పిటిషన్‌లో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఏం జరిగింది, స్టేషన్‌లో ఏ తేదీన ఇచ్చారు, కమిషనర్‌కు ఏ తేదీన పంపారు, కోర్టును ఏం కోరుతున్నారు. తేదీలు కాగితాలతో సరిపోవాలి.

దానికి అఫిడవిట్ తప్పనిసరి. సుప్రీంకోర్టు 2015లో ప్రియాంక శ్రీవాస్తవ కేసులో ఈ షరతు పెట్టింది, కొత్త చట్టం దాన్ని సెక్షన్‌లోనే చేర్చింది. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి 7 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. కాబట్టి లాయర్ ఇంగ్లీషులో తయారుచేస్తే, ప్రతి పేరా తెలుగులో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. బలంగా ఉంటుందని ‘చంపుతానని కత్తి చూపాడు’ లాంటి జరగని మాట ఎవరైనా చేర్చితే కొట్టించేయండి. మొహమాటపడకండి. రేపు బోనులో నిలబడేది మీరు, రాసినవారు కాదు.

వాట్సాప్ ప్రింట్లు, వీడియోలు పెడితే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైల్ హాష్ విలువ (ఫైల్‌ను మార్చలేదని చూపే కోడ్) కూడా రాయాలి, నిపుణుడి సంతకం ఉన్న భాగం వేరేగా ఉంటుంది. అసలు ఫోన్ అమ్మేయకండి, రీసెట్ చేయకండి. షాపుల్లో సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. ఘటన జరిగిన రోజే యజమానిని, పోలీసులను రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

7. ఫైలింగ్, రిటర్న్

కౌంటర్‌లో ఇచ్చాక పిటిషన్‌ను పరిశీలిస్తారు. లోపాలుంటే రాసి వెనక్కి ఇస్తారు. ‘రిటర్న్ అయింది’ అంటే ఇదే, కొట్టేశారని కాదు. కాపీ సరిగా కనబడలేదు, పేజీ నంబర్లు లేవు, అఫిడవిట్ మీద అటెస్టేషన్ లేదు, పోస్టల్ రసీదు జత కాలేదు. సాధారణంగా ఇలాంటివే. సరిచేసి గడువులోపు మళ్లీ ఇవ్వాలి. రిటర్న్ అయిన కట్ట లాయర్ ఆఫీసులో నెలలు పడి ఉండటం వల్ల ఆగిపోయే కేసులుంటాయి. కాబట్టి వారానికొకసారి ఫోన్ చేసి ‘నంబర్ అయిందా?’ అని అడగండి.

నంబర్ అయ్యాక 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ వస్తుంది. దాన్ని ఈకోర్ట్స్ యాప్‌లో పెడితే వాయిదా తేదీ, ఏ దశలో ఉంది, ఆర్డర్లు అన్నీ మీ ఫోన్‌లోనే కనబడతాయి. అప్పుడు ఎవరినీ అడగాల్సిన టెన్షన్ ఉండదు.

8. వాయిదా రోజు

ఉదయం కోర్టు కూర్చునేసరికి హాల్లో ఉండండి. పేరు పిలిచినప్పుడు లేకపోతే పిటిషన్ పక్కకు పోవచ్చు. జడ్జి అడిగినదానికే జవాబు చెప్పండి. పోలీసుల మీద కోపం వెళ్లగక్కే చోటు కాదది. ‘స్టేషన్‌లో ఎప్పుడు ఇచ్చారు? కమిషనర్‌కు పంపారా? ఇంత ఆలస్యం ఎందుకైంది?’ ఈ మూడు ప్రశ్నలకు తేదీలతో సహా జవాబు నోట్లో ఉండాలి. తెలుగులో చెప్పండి, ఏ ఇబ్బందీ లేదు.

9. ఆర్డర్ వచ్చాక సరిచూసుకోండి

కేసు కట్టమని కోర్టు చెప్పగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు గమనించాల్సింది అప్పుడే.

- ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి.
- ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. మీరు చెప్పిన ముద్దాయిలందరి పేర్లూ ఉన్నాయా, తేదీలు సరిగ్గా ఉన్నాయా, కోర్టు ఆర్డర్ ప్రస్తావన ఉందా చూడండి.
- 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు పోలీసులు చెప్పాలి. చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి.
- దర్యాప్తు సరిగా సాగకపోతే మళ్లీ అదే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. సరైన దర్యాప్తు జరిగేలా చూసే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉందని 2007లో సకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ‘ఫలానావాడిని అరెస్ట్ చేయించండి’ అని అడిగితే ఫలితం ఉండదు.
- ‘సివిల్ వ్యవహారం’ అనో ‘నేరం రుజువు కాలేదు’ అనో కేసు మూసేస్తూ రిఫర్ నోటీసు వస్తే పక్కన పడేయకండి. వెంటనే ప్రొటెస్ట్ పిటిషన్, అంటే అభ్యంతరం, వేసి, పోలీసులు ఏ సాక్షిని విచారించలేదో, ఏ కాగితం చూడలేదో చెప్పండి.

తరచూ జరిగే పొరపాట్లు

కాలపరిమితి చూసుకోకపోవడం అన్నిటికన్నా నష్టం చేస్తుంది. జరిమానా మాత్రమే ఉన్న నేరానికి 6 నెలలు, ఏడాది వరకు శిక్ష ఉన్నదానికి ఏడాది, 3 ఏళ్ల వరకు ఉన్నదానికి 3 ఏళ్లు. అంతకుమించి శిక్ష ఉన్న నేరాలకు ఇలాంటి గడువు లేదు, కానీ ఆలస్యానికి కారణం అడుగుతారు. పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడుతున్నాం అంటూ చిన్న దెబ్బల కేసును ఏడాది దాటించేస్తే మళ్లీ తెరవడం చాలా కష్టం.

ఇంకొకటి, ఒకే విషయానికి రెండు చోట్ల రెండు కథలు చెప్పడం. స్టేషన్ ఫిర్యాదులో 2 లక్షలు, కోర్టులో 3 లక్షలు రాస్తే ఎదుటి లాయర్‌కు అదొక్కటే చాలు. తేడా నిజంగా ఉంటే ఎందుకు వచ్చిందో మీరే ముందుగా రాయండి.

చీటింగ్‌కు 7 ఏళ్ల శిక్ష కదా, 3 ఏళ్లే వేయగలిగే మేజిస్ట్రేట్ దగ్గర ఎలా అని కొందరు సందేహిస్తారు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటే విచారించవచ్చు. ఎక్కువ శిక్ష అవసరమనిపిస్తే కేసును చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్‌కు పంపుతారు.

పిటిషన్ కొట్టేస్తే

ఎందుకు కొట్టేశారో ఆర్డర్ చదివించుకోండి. పోస్టల్ రసీదు లేదనో, అఫిడవిట్ లేదనో అయితే లోపం సరిచేసి మళ్లీ వేయవచ్చా అని లాయర్‌ను అడగండి. కేసులో నేరమే కనబడలేదని అంటే, సెషన్స్ కోర్టులో 90 రోజుల్లోపు రివిజన్ (ఆర్డర్‌ను పై కోర్టు సరిచూడాలని కోరే పిటిషన్) వేయాలి.

లాయర్ ఫీజు భరించలేకపోతే

మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. దరఖాస్తుతో పాటు పైన చెప్పిన తేదీల పేజీ, రెండు ఫిర్యాదుల కాపీలు, పోస్టల్ రసీదు పట్టుకెళ్తే, లాయర్‌ను కేటాయించిన రోజే పిటిషన్ పని మొదలుపెట్టవచ్చు.